నంపేయో కుండలు: పాత డిజైన్ల పునరుద్ధరణా, ఉత్త కాపీయా?

మట్టిచేతులు:
అమెరికాలోని అరిజోనాలో హోపీలు అనే ఆదివాసుల ఫస్ట్ మెసా (పైన చదునుగా ఉండే గుట్ట) మీద హానో ఊరి కుమ్మరి నంపేయో (సుమారు 1859–1942) గురించి చాలామందికి తెలిసిందే. ఎప్పుడో పాడుబడ్డ సిక్యాత్కి అనే హోపీ గ్రామపు కుండల మీది డిజైన్లు తనూ వేసి పేరు తెచ్చుకుంది. దాన్ని 'పూర్వీకుల కళ పునరుద్ధరణ' అంటారు. నాకైతే కాపీ అనిపిస్తుంది. 1895లో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అక్కడ తవ్వకాలు చేయించాడు, కూలీల్లో ఆవిడ భర్త లెసో ఉన్నాడంటారు. కుండలు బయటపడ్డాయి, ఈవిడ చూసి వేసింది. వెనక టూరిస్టుల గిరాకీ. అంతేగా?

సారెలేనికుమ్మరి:
అంతే కాదండీ. కీమ్ అనే అక్కడి వ్యాపారి ఆ తవ్వకాలకు ముందు నుంచే పాత నమూనాల్లో కుండలు చేయిస్తున్నాడు. పాత పెంకులు ఆ చుట్టుపక్కల నేల మీదే దొరికేవి. ఘనతంతా ఫ్యూక్స్ ఖాతాలో వేయడం నాకు మింగుడుపడదు.

ఇక కాపీ అంటారా, ఒక్కటి చేసి చూడండి. సారె ఉండదు. మట్టిని తాళ్లలా పేని, వరసమీద వరస చుట్టి, గీకి, రాయితో నున్నగా రుద్దాలి. యుక్కా అనే ఎడారి మొక్క ఆకు కొస నమిలి చేసిన కుంచెతో గీతలు. ఆవం కూడా లేదు, చుట్టూ ఎండిన గొర్రె పెంట పేర్చి కాలుస్తారు. పెంకు మీద అరచేతంత బొమ్మ ముక్క ఉంటే, దాన్ని మెడ కింద భుజం వెడల్పుగా పరుచుకున్న కుండ చుట్టూ ఎలా తిప్పాలో ఏ పెంకూ చెప్పదు. చూపు మందగించాక కూడా ఆవిడ వేళ్లతో తడుముకుంటూ కుండలు చేసింది, రంగులు ఇంట్లోవాళ్లు వేశారు. ఎదురుగా నమూనా పెట్టుకుని చేసే పనా అది?

ఫీనిక్స్‌బాబాయి:
నా దగ్గరో చిన్న హోపీ గిన్నె ఉంది. తేనెరంగు, ఒక పక్క మంట తగిలినచోట నారింజ మరక. దెబ్బతిన్న ముక్క అంటగట్టారేమో అనుకున్నా. అదే దాని అందమట! మా ఆవిడ అందులో నీళ్లు పోసి పూలు పెట్టింది, మర్నాటికి టేబులంతా తడి. అలంకారానికే అని ముందే చెప్పరూ?

మట్టిచేతులు:
సరే, చేతిపని గొప్పదే. పాయింటు మారుస్తా. హానో వాళ్లు టేవాలు, హోపీలు కాని వేరే ఆదివాసులు. స్పెయిన్ వాళ్ల మీద 1680 తిరుగుబాటు తర్వాత తూర్పు నుంచి వలస వచ్చారు. అక్కడ వంశం తల్లి వైపు నుంచి. మరి సిక్యాత్కి ఆవిడకి 'పూర్వీకుల' ఊరెలా అవుతుంది?

సారెలేనికుమ్మరి:
ఇది మంచి ప్రశ్న, కొట్టెయ్యను. తల్లి వైపు లెక్కలో ఆవిడ టేవాయే. కానీ కుండ చేయడం నేర్పింది వాల్పి ఊళ్లో ఉన్న తండ్రిగారి తల్లి అంటారు. ఆ నానమ్మ హోపీ. ఇప్పుడు చెప్పండి, ఎవరి పూర్వీకులు?