వాన పడితే రన్నింగ్ జట్టుకు నిజంగా లాభమేనా?

ప్రశ్న

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను నాలుగు సీజన్లుగా చూస్తున్నాను. వాన పడే ప్రతి శనివారం వ్యాఖ్యాతల నోట ఒకటే మాట వినిపిస్తుంది: బంతి తడిస్తే పాసులు సాగవు కనుక, పరుగును నమ్ముకున్న జట్టుకు ఈ రోజు కలిసొస్తుందట. అయితే తడి నేల మీద పరుగెత్తేవాడు కూడా జారతాడు, తడిసిన బంతి అతని చేతిలో నుంచి కూడా జారుతుంది. అలాంటప్పుడు ఈ లాభం ఎక్కడి నుంచి వస్తున్నట్టు? పైగా నేటి జట్లలో చాలా వాటికి క్వార్టర్‌బ్యాక్ (బంతిని అందుకుని ఆటను నడిపించేవాడు) షాట్‌గన్‌లో, అంటే బంతిని అందించే సెంటర్‌కు కొన్ని గజాల వెనక నిలబడి, పరుగులు ఆడిస్తాడు. వారికి కూడా ఆ మాట వర్తిస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

మీ అనుమానం సబబైనదే. వాన పరుగుకు మేలు చేయదు; పాసుకు చేసినంత కీడు చేయదు, అంతే. ఆ తేడానే అందరూ లాభమని పిలుస్తున్నారు.

నిజమైన అనుకూలత ఒకటి లేకపోలేదు. తాను ఎటు తిరగబోతున్నాడో బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు ముందే తెలుసు, అతన్ని అడ్డుకోవడానికి ఎదురుగా ఉన్న లైన్‌బ్యాకర్‌కు తెలియదు. అతను చూసి, అంచనా వేసి, ఆగి దిశ మార్చుకోవాలి. ఆ ఆగడంలోనే తడి గడ్డి మీద కాలు జారుతుంది. కానీ ఆ అనుకూలతను ప్రత్యర్థి కోచ్ ఊరికే వదిలిపెట్టడు. పాసు భయం తగ్గిందని గ్రహించిన మరుక్షణం పరుగును అడ్డుకోవడానికి ఎనిమిదో ఆటగాడిని కూడా ఆట మొదలయ్యే గీత దగ్గరికి తెస్తాడు. అందువల్ల మామూలు రోజున అయిదారు గజాలు తెచ్చే పరుగు వానలో అంతకంటే తక్కువకే ఆగిపోవచ్చు.

ఏ రకం పరుగు అన్నది కూడా చూడాలి. ముందు వరుసలో నిలిచే లైన్‌మెన్ మధ్యలోంచి నేరుగా దూసుకుపోయే ఆటలు తడిలో నిలబడతాయి. పక్కకు పరుగెత్తి ఒక్కసారిగా మలుపు తిరగాల్సిన స్వీప్, కట్‌బ్యాక్ వంటివి దెబ్బతింటాయి. అనుభవమున్న రన్నింగ్ బ్యాక్‌ను వానలో గమనించండి: అంగలు చిన్నవవుతాయి, పాదాలు భుజాల కిందనుంచి పక్కకు పోవు, గుంపులోకి చొరబడే ముందే రెండో చేయి బంతి మీదికి వచ్చేస్తుంది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే, షాట్‌గన్ విషయం విడిగా చెప్పాలి. పరుగు ఆటలో బంతి పోయేది పరుగెత్తేటప్పుడు మాత్రమే కాదు, చేతులు మారేటప్పుడు కూడా. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే చేతులు పెట్టి అందుకుంటే స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించడం) చేతి నుంచి చేతికి వస్తుంది. షాట్‌గన్‌లో అదే తడి బంతి కొన్ని గజాలు గాలిలో ప్రయాణించాలి. 2016 అక్టోబర్ 8న మాథ్యూ తుఫాను వానలో రాలీ నగరంలో జరిగిన ఆటలో నోటర్ డామ్ జట్టు స్నాప్‌లు పలుమార్లు అదుపు తప్పాయి. నార్త్ కరోలినా స్టేట్ 10-3తో గెలిచిన ఆ ఆటలో నమోదైన ఏకైక టచ్‌డౌన్ అడ్డుకున్న పంట్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం) నుంచి వచ్చింది. అంత వానలోనూ నోటర్ డామ్ 26 పాసులు విసరడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ట్రిపుల్ ఆప్షన్ (బంతిని ముగ్గురిలో ఎవరు తీసుకెళ్లాలో అప్పటికప్పుడు తేల్చే పద్ధతి) ఆడే సైనిక అకాడమీల జట్లలో కూడా ఇదే లెక్క. ఫుల్‌బ్యాక్ పొట్టలో బంతిని పెట్టడం భద్రం, పక్కవాడికి పిచ్ విసరడం ప్రమాదం, క్వార్టర్‌బ్యాక్ తానే ఉంచుకుంటే చేతులు మారే బెడదే లేదు. 2017లో ఫిలడెల్ఫియాలో మంచు కురుస్తుండగా జరిగిన ఆర్మీ-నేవీ ఆటలో నేవీ క్వార్టర్‌బ్యాక్ మాల్కమ్ పెర్రీ ఒక్కడే 250 గజాలు పరుగెత్తాడు. అయినా నేవీ 13-14తో ఓడింది. చివర్లో బంతిని తన్ని చేయాల్సిన 48 గజాల ఫీల్డ్ గోల్ తప్పిపోయింది.

జవాబు 3

ఎవరూ ప్రస్తావించని నిబంధన ఒకటుంది. కాలేజీ ఆటలో బంతి పట్టుకున్నవాడి మోకాలు నేలకు తగిలితే, అతన్ని ఎవరూ తాకకపోయినా ఆ ప్రయత్నం అక్కడితో ముగిసిపోతుంది. ప్రొఫెషనల్ లీగ్‌లో మాత్రం ఎవరూ తాకకపోతే లేచి మళ్ళీ పరుగెత్తవచ్చు. కాబట్టి తడి నేల మీద ఒక్క జారుడుతో ఒక డౌన్ (పది గజాలు సాగడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి) చేజారిపోతుంది.

మైదానం రకాన్ని కూడా గమనించాలి. రబ్బరు గుళికలు నింపిన కృత్రిమ గడ్డి మీద నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక, అక్కడ అసలు సమస్య కాలిది కాదు, బంతిది. ఇక పాసులను చంపేది వాన అని అందరూ అంటారుగానీ, నా దృష్టిలో గాలి అంతకంటే పెద్ద శత్రువు. 2022 నవంబర్‌లో నార్త్‌వెస్టర్న్ మైదానంలో వీచిన ఈదురుగాలిలో ఒహాయో స్టేట్ 21-7తో గెలిచినా, క్వార్టర్‌బ్యాక్ సీ.జే. స్ట్రౌడ్ పాసుల ద్వారా తెచ్చినవి 76 గజాలే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అలాగైతే వాన రోజున షాట్‌గన్ జట్టు కూడా సెంటర్ వెనకే నిలబడి ఆడితే సరిపోతుంది కదా?

జవాబు 2 రాసినవారు

అలవాటు లేని జట్టు ఆ ఒక్క రోజుకు పద్ధతి మార్చితే, చేతి నుంచి చేతికి వచ్చే స్నాప్‌నే జారవిడుస్తుంది. అందుకే చాలామంది కోచ్‌లు పద్ధతి మార్చరు. వాన సూచన వచ్చిన వారమంతా సాధనలో బంతులను బకెట్ నీళ్లలో ముంచి, ఒకదాని తర్వాత ఒకటి సెంటర్ చేతికి ఇస్తుంటారు. ఆట రోజున ప్రతి జట్టు తన వంతులో తన బంతులతోనే ఆడుతుంది కనుక, పొడి బంతిని తువ్వాలులో చుట్టుకుని ప్రతి ప్రయత్నానికీ పరుగెత్తుకొచ్చే పిల్లవాడి చురుకుదనం మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది.