లెట్రోజోల్ వాడుతున్న అమ్మకు కొలెస్ట్రాల్ మాత్ర కూడా రాశారు, రెంటికీ సంబంధం ఉందా?

నకిరేకల్_బిడ్డ:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ పక్కన పల్లె. అమ్మకు 61 ఏళ్లు. రొమ్ములో గడ్డకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ హైదరాబాద్‌లో అయిపోయాయి. రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) పాజిటివ్ అని ఉంది కాబట్టి రోజూ లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. మొన్న నల్గొండలో రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 172 వచ్చింది. డాక్టర్ గారు అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర రాశారు.

ఇప్పుడు ఇంట్లో ఒకటే లొల్లి. మేనమామ "ఉన్న మాత్రలు చాలవా, ఇంకోటెందుకు" అంటాడు. అన్నయ్యేమో కొలెస్ట్రాల్ క్యాన్సర్‌ను పెంచుతుందని ఏదో వీడియో చూసి గుడ్డు, పెరుగు, మటన్ అన్నీ బంద్ పెట్టించాడు. కీమోతోనే బాగా చిక్కిపోయిన మనిషి, జొన్నరొట్టె, పచ్చిపులుసుతో పొద్దు గడుపుతోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. కొలెస్ట్రాల్‌కూ ఈ క్యాన్సర్‌కూ నిజంగా లంకె ఉందా? ఉంటే గుడ్డు మానేస్తే తెగిపోతుందా? వివరంగా చెప్పండి, డిగ్రీలో బీజెడ్‌సీ చదివాను.

పిల్లలమర్రి_నీడ:
చెల్లీ, నేను పాలమూరులో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్తాను. డాక్టర్‌ను కాను. మందుల మార్పు మాత్రం మీ డాక్టర్ గారినే అడగండి.

లంకె ఉంది. కానీ దానికీ గుడ్డుకూ చాలా దూరం.

ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనేది కణ కేంద్రకంలో పనిచేసే ప్రోటీన్. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వచ్చి అతుక్కోగానే అది డీఎన్‌ఏను పట్టుకుని, కణం పెరగడానికి కావాల్సిన జన్యువులను లేపుతుంది. ఇలాంటివాటినే న్యూక్లియర్ రిసెప్టర్లు అంటాం. విటమిన్ డీ, థైరాయిడ్ హార్మోన్ పనిచేసేదీ ఇదే కుటుంబం ద్వారా. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ ఎక్కువగా కొవ్వు కణజాలంలో అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల తయారవుతుంది. లెట్రోజోల్ ఆపేది ఆ ఎంజైమ్‌నే.

ఇక కొలెస్ట్రాల్. ఒంట్లో కొంత కొలెస్ట్రాల్ 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్‌గా మారుతుంది. దీని తయారీకి అరోమటేజ్‌తో పని లేదు. అయినా ఇది కూడా వెళ్లి ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కే అతుక్కుంటుంది. సాగర్ కాలువ గేటు దించినా, పక్క వాగు నీళ్లు వచ్చి అదే పొలంలో పడ్డట్టు. రక్తనాళాల్లో ఇది ఆ రిసెప్టర్‌ను అడ్డుకుంటుందని 2007లో తేలింది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో మాత్రం ఉసిగొల్పుతుంది. ఒకే అణువు ఒకచోట ఆపి ఇంకోచోట తోయడం నాకు ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యమే. టామోక్సిఫెన్ అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ మందుదీ అదే గుణం: రొమ్ములో అడ్డు, ఎముకలో ఈస్ట్రోజన్ లాగా.

2013లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చూపించిందేమిటంటే, ఈ పదార్థం ఈస్ట్రోజన్ రిసెప్టర్ ద్వారా గడ్డను పెంచుతుంది, ఎల్‌ఎక్స్‌ఆర్ అనే ఇంకో న్యూక్లియర్ రిసెప్టర్ ద్వారా వేరేచోట్లకు పాకడానికి సాయపడుతుంది. అది ఎలుకల సంగతి, మరవొద్దు.

మనుషుల్లో చూస్తే, లెట్రోజోల్‌నూ టామోక్సిఫెన్‌నూ పోల్చిన బిగ్ 1-98 అనే ట్రయల్‌లో 8,000 మంది దాకా ఉన్నారు. ఆ లెక్కలను 2017లో మళ్లీ చూస్తే, హార్మోన్ మందుతోపాటు కొలెస్ట్రాల్ మాత్ర వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. కానీ ఆ మాత్ర ఎవరికివ్వాలో చీటీ తీసి పంచలేదు కదా, వాళ్లలో ఇంకేవైనా తేడాలు ఉండొచ్చు. అందుకే డెన్మార్క్‌లో అటోర్వాస్టాటిన్‌నే ఉత్తుత్తి మాత్రతో పోల్చే ట్రయల్ పెట్టారు. కాబట్టి అమ్మకు ఆ మాత్ర గుండె కోసం అనుకోండి. ఎల్‌డీఎల్ 172 ఉండటమే దానికి చాలినంత కారణం. క్యాన్సర్‌కు మందు మాత్రం లెట్రోజోలే, ఒక్క రోజూ తప్పకూడదు.

గుడ్డు విషయానికొస్తే, మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుంది. తిండిలో తగ్గితే కాలేయం ఇంకాస్త చేసుకుంటుంది. అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మాత్రలు ఆపేది ఆ తయారీనే. చిక్కిపోయిన మనిషికి ప్రోటీన్ కావాలి. గుడ్డు, పెరుగు, పప్పు పెట్టండమ్మా. తగ్గించాల్సింది నెయ్యి, డాల్డా, పామాయిల్‌లో వేయించిన బజ్జీలు.

డిండి_వాగు:
అక్కా, నాదీ అదే జబ్బు, అదే మాత్ర. దేవరకొండ మాది. లెట్రోజోల్‌కు పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రకు కొందరికి తొడలు, పిక్కల కండరాలు నొప్పి పెడతాయి. రెండూ కలిస్తే ఏది దేనివల్లో తెలీదు. అందుకే కొత్త మాత్ర మొదలుపెట్టే ముందే, ఇప్పుడు ఎక్కడెక్కడ నొప్పి ఉందో అమ్మను అడిగి రాసిపెట్టండి. తర్వాత డాక్టర్ అడిగితే చెప్పడానికి అక్కరకొస్తుంది. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆగకుండా వెళ్లండి.

ఇంకోటి. లెట్రోజోల్ ఎముకలను పలచన చేస్తుందని డెక్సా స్కాన్ తీస్తారు. మన ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు స్కాన్‌లో ఎముక గట్టిగా కనిపించినా లోపల పెళుసుగా ఉండొచ్చు. ఏ ఊరి బోరు నీళ్లు తాగారో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

మిర్యాలగూడ_మెడికల్:
లెట్రోజోల్, అటోర్వాస్టాటిన్ కలిపి రాయడం మామూలే, టెన్షన్ వద్దు. జాగ్రత్త వేరేచోట. దగ్గు, జ్వరమని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాయించుకుంటే ఒంట్లో అటోర్వాస్టాటిన్ మోతాదు పెరిగి కండరాలు దెబ్బతినొచ్చు. రైబోసిక్లిబ్ లాంటి క్యాన్సర్ మాత్ర ఎప్పుడైనా మొదలుపెట్టినా ఇదే చిక్కు, అప్పుడు స్టాటిన్ మార్చాల్సి రావచ్చు. మాత్రల అట్టలన్నీ ఒకే సంచిలో పెట్టి, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా సంచి తీసుకెళ్లండి.

నకిరేకల్_బిడ్డ:
అందరికీ దండాలు. అన్నయ్యకు మొత్తం చదివి వినిపించాను, గుడ్డుకు ఒప్పుకున్నాడు. కొలెస్ట్రాల్ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలి?

పిల్లలమర్రి_నీడ:
మాత్ర మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల లోపు చేయిస్తారు. లివర్ పరీక్ష కూడా చేయించాలా అని అప్పుడే అడగండి, ఒకే రక్తంతో రెండూ అయిపోతాయి.