హన్మకొండలో కిరాయి కోసం కొనాలంటే: ఫ్లాటా, పోర్షన్ల ఇల్లా?

భీమారం బైపాస్:
అన్నలూ, ఉండటానికి కాదు, కిరాయికి ఇయ్యడానికే కొంటున్న. రెండు చూసి పెట్టిన. కిషన్‌పురలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ 52 లక్షలు, కిరాయి 13,000. భీమారంలో 150 గజాల్లో జీ+1, పైన రెండు రేకుల గదులు, 78 లక్షలు, అన్నిటికీ కలిపి 30,000. జీతం మీద లోన్ తీసుకుంట. కిరాయి ఈఎంఐని మోస్తదా? బ్యాంకు దేనికి ఒప్పుకుంటది?

లెక్కల పుస్తకం:
మోయదు, రెండూ మోయవు. ఫ్లాట్ మీద ఏడాది కిరాయి 1.56 లక్షలు, అంటే 3 శాతం. ఇల్లు 4.6 శాతం. ఇంటి పన్ను, రంగులు, ఒక నెల ఖాళీ తీసేస్తే ఇంకా తగ్గుతది.

30 నుంచి 75 లక్షల లోన్‌కు ఆర్‌బీఐ పరిమితి విలువలో 80 శాతం. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఫ్లాట్‌కు 41.6 లక్షల మీద ఈఎంఐ సుమారు 36,100, ఇంటికి 62.4 లక్షల మీద 54,150. కిరాయి పోగా జేబులోంచి ఫ్లాట్‌కు 23,100, ఇంటికి 24,150. తేడా వెయ్యి రూపాయలే, కానీ ఇంటితో 150 గజాల జాగ మొత్తం నీది. అయితే మొదట్లో ఎక్కువ పెట్టాలె: రిజిస్ట్రేషన్ 7.5 శాతం లోన్‌లో కలవదు. దాంతో కలిపి చేతి డబ్బు ఫ్లాట్‌కు 14.3 లక్షలు, ఇంటికి 21.45.

ఆదాయపన్ను సంగతి: కొత్త పన్ను విధానంలో ఉంటే, కిరాయి కంటే వడ్డీ ఎక్కువై వచ్చే నష్టాన్ని జీతంలోంచి తీసెయ్యనివ్వరు. ఆ లాభం లెక్కేసుకోకు.

లోన్ ఫైల్:
కిరాయి 30,000 అని నువ్వు చెప్తే బ్యాంకు వినదు. ఖాతాలో పడాలె, ఐటీ రిటర్న్‌లో కనబడాలె. అప్పుడు కూడా మొత్తం లెక్కలోకి తీసుకోరు, కొంత కోసేస్తరు. అమ్మేటాయన చేతికి నగదుగా వస్తున్న కిరాయైతే నీ జీతమే ఆధారం.

బ్యాంకు అసలు చూసేది కాగితం. 30 ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) సర్వే నంబర్ లేకపోవడం, ప్లాట్‌కు లేఅవుట్ అనుమతో ఎల్‌ఆర్‌ఎస్సో (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ క్రమబద్ధీకరణ), మంజూరైన ప్లాన్. వాల్యుయేషన్‌కు వచ్చినాయన ప్లాన్ చేతిలో పట్టుకొని కొలుస్తడు. ప్లాన్‌లో లేని గదికి విలువ సున్న. డాక్యుమెంట్‌లో ధర తగ్గించి రాద్దాం, మిగతాది చేతికియ్యి అంటే ఒప్పుకోకు. లోన్ ఆ తక్కువ ధర మీదనే వస్తది.

పోర్షన్ల పెద్దన్న:
పోర్షన్‌కో మీటర్ ఉందా చూడు. ఒకే మీటర్ మీద నలుగురుంటే యూనిట్లు పై స్లాబ్‌కు పోతయి, నెలనెలా పంచాయితీ. గృహజ్యోతి (సర్కారు ఉచిత కరెంటు పథకం) జీరో బిల్లు కూడా వేరే మీటర్ ఉన్న కిరాయిదారుకే అందుతది.

విద్యార్థులకిస్తే ఏప్రిల్, మే నెలల్లో గదులు ఖాళీ, జూన్‌లో మళ్లీ టులెట్ బోర్డు. ఫ్యామిలీలు తక్కువిచ్చినా నిలబడతరు.

ఇక వరద. 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో ఆ గల్లీలోనే అడుగు, ఓనర్‌ను కాదు. నయీంనగర్ నాలా పక్కన, హంటర్ రోడ్డు పల్లపు కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ కిరాయిని మొదటి నుంచే తక్కువ వేసుకోవాలె.

భీమారం బైపాస్:
ప్లాన్ చూసిన. రేకుల గదులు అందులో లేవు. వాటి కిరాయి 7,000.

లోన్ ఫైల్:
అయితే 23,000 ఇల్లు అది, 3.5 శాతం. వాల్యుయేషన్ 70 లక్షలే వస్తే లోన్ 56 లక్షలు, ముందు అనుకున్న 62.4 లక్షల్లో తగ్గిన 6.4 లక్షలు అదనంగా నీ చేతి నుంచి. బేరం 70 దగ్గర మొదలుపెట్టు. అగ్రిమెంట్‌లో లోన్ రాకుంటే బయానా వాపస్ అని రాయించుకో. పాత కిరాయిదారుల అడ్వాన్సులు ధరలోంచి కోసి, అగ్రిమెంట్లు నీ పేరు మీదికి మార్పించు.