బి.డి.నా, ఎం.డివ్.నా? డిగ్రీ తర్వాత పాస్టరు సేవా శిక్షణ గురించి చర్చ

గోదావరిగట్టు: అందరికీ వందనాలు. బి.కాం. అయింది, పాస్టరు సేవకు చదవాలనుకుంటున్నాను. మాది దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్‌ఐ. సెరాంపూర్ బి.డి. (దైవశాస్త్ర పట్టా) అయితే నాలుగేళ్లు, ఏటీఏ (ఆసియా థియలాజికల్ అసోసియేషన్) గుర్తింపున్న ఎం.డివ్. అయితే మూడేళ్లు. ఏడాది కలిసొస్తుందని ఎం.డివ్. వైపు మొగ్గుతున్నాను. తర్వాత పై చదువు ఎం.టీహెచ్. చేయాలని ఉంది. భార్య, పాప కూడా వస్తారు, క్వార్టర్స్ సంగతి చెప్పండి.

పాస్టరేట్‌_పాతకాపు: కాలేజీ తర్వాత, ముందు డయాసిస్ (బిషప్ గారి అధ్యక్ష మండలం) ఆఫీసుకు వెళ్లండి. పాస్టరేట్ కమిటీ తీర్మానం, బిషప్ గారి సిఫారసు ఉంటే డయాసిస్ తరఫున వెళ్లే స్పాన్సర్డ్ అభ్యర్థి అవుతారు. సొంతంగా చదివొచ్చిన వారికి ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఏ పట్టా ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

చార్టర్1827: అసలు ప్రశ్న పట్టా ఇచ్చే అధికారం ఎవరికుందని. సెరాంపూర్ కాలేజీ 1818లో పుట్టింది, 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు, 1918లో బెంగాల్ చట్టం వచ్చింది. అక్కడి సెనేట్ (పట్టాలిచ్చే మండలి) పట్టాలకు ఆధారం అదే. ఏటీఏది అక్రెడిటేషన్, అంటే చదువు ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు, చట్టం కాదు. కొన్నిచోట్ల సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి 'గవర్నమెంట్ గుర్తింపు' అంటారు. అది సంస్థ నమోదు మాత్రమే, దానికీ డిగ్రీకీ సంబంధం లేదు.

సువార్తబండి: చట్టాలతో ఆత్మలు రక్షింపబడవు బ్రదర్. బి.డి.లో బైబిలు మూలభాషలు హీబ్రూ, గ్రీకు అంటూ కాలమంతా పోతుంది. పల్లెలో ఎవరడుగుతారు? ఇంగ్లీషు బైబిలు పక్కన పెట్టుకుంటే చాలు. 23వ కీర్తనలో 'మరణపు నీడ' అని ఉంటే మనవాళ్లు 'గాఢాంధకారపు లోయ' అని తప్పు రాశారు. అది ఇంగ్లీషు చూస్తేనే తెలిసిపోతుంది.

హీబ్రూ_బల్ల: తప్పు మనవాళ్లది కాదండీ. అక్కడి హీబ్రూ మాట 'సల్మావెత్'. దాన్ని రెండుగా విడగొడితే 'నీడ', 'మరణం' వస్తాయి. ఒకే మాటగా తీసుకుంటే దట్టమైన చీకటి. తెలుగు అనువాదకులు రెండోది పట్టుకున్నారు, చాలామంది పండితులదీ అదే మాట. ఇంగ్లీషును కొలబద్దగా పెట్టుకుంటే జరిగే పొరపాటు ఇదే.

సువార్తబండి: అంటే ఇంగ్లీషువాళ్లు చదువురానివాళ్లా?

హీబ్రూ_బల్ల: నేనలా అనలేదు. ఆ మాటకు రెండు అర్థాలకూ ఆధారం ఉంది. ఉందని తెలియకుండా పుల్పిట్ ఎక్కి తెలుగు బైబిలు తప్పని చెప్పడం మాత్రం తప్పే. గోదావరిగట్టు గారూ, ఎం.టీహెచ్.లో పాత నిబంధన తీసుకోవాలంటే హీబ్రూ, కొత్త నిబంధనకైతే గ్రీకు తప్పవు. క్రియారూపాల పట్టిక రోజుకు అరగంట చేత్తో రాస్తేనే వస్తాయి. పరీక్ష ముందు వారం పట్టుకుంటే రావు.

డల్లాస్_ఆదివారం: అమెరికా ఆలోచన ఎవరికైనా ఉంటే: ఏటీఎస్ (అక్కడి సెమినరీలకు గుర్తింపునిచ్చే సంస్థ) లెక్కలో ఎం.డివ్.కు కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు. రోగులకు ఆత్మీయ సేవ చేసే ఆసుపత్రి చాప్లెయిన్‌గా బోర్డు సర్టిఫికేషన్‌కు సీపీఈ (ఆసుపత్రిలో చేసే ఆత్మీయ సేవా శిక్షణ) నాలుగు యూనిట్లు అడుగుతారు. యూనిట్‌కు 400 గంటలు. అందులో నైట్ డ్యూటీలు కూడా ఉంటాయి.

పాస్టరేట్‌_పాతకాపు: ఆయన అడిగింది అమెరికా గురించి కాదు కదా.

గోదావరిగట్టు: క్వార్టర్స్ సంగతి, ఎం.డివ్. మీద ఎం.టీహెచ్. సంగతి ఇంకా మిగిలే ఉన్నాయండి.

చార్టర్1827: సెరాంపూర్ ఎం.టీహెచ్.కు అర్హత బి.డి. ఎం.డివ్.తో వస్తే ఆ ఏడాది ఆదా అక్కడ ఎగిరిపోవచ్చు. చేరకముందే సెనేట్ రిజిస్ట్రారుకు ఉత్తరం రాసి, జవాబు దాచుకోండి.

పాస్టరేట్‌_పాతకాపు: క్వార్టర్స్ ఏ కాలేజీలోనైనా తక్కువే, అభ్యర్థులు ఎక్కువ. దరఖాస్తుతో పాటే విడిగా అర్జీ పెట్టండి, పాప వయసు రాయండి. కరెంటు బిల్లు, మెస్సు ఎవరి ఖర్చో, స్పాన్సర్ డయాసిస్ ఎంత కడుతుందో కూడా అప్పుడే అడగండి. దొరక్కపోతే మొదటి ఏడాది హాస్టల్లో ఒంటరిగా ఉండాల్సి రావచ్చు, ఇంట్లో ముందే చెప్పుకోండి.