ఎస్‌ఆర్‌ఏ ఫ్లాట్‌లోకి వెళ్ళాక బిల్డింగ్ నిర్వహణ ఎవరిది?

మా నాన్న పాలమూరు నుంచి కూలి పనికి ముంబై వచ్చారు. మేం ఉండే బస్తీని ఇప్పుడు ఎస్‌ఆర్‌ఏ (మురికివాడల పునరావాస సంస్థ) పథకంలో తిరిగి కట్టబోతున్నారు. పద్ధతి 1995 నుంచి ఉన్నదే. ఇప్పటి నియమం ప్రకారం 2000కి ముందు నుంచి ఉన్నవాళ్ళకి బిల్డర్ 300 చదరపు అడుగుల ఫ్లాట్ ఉచితంగా ఇస్తాడు. అదే స్థలంలో అదనంగా కట్టుకునే అనుమతి తీసుకుని, ఆ ఫ్లాట్లు బయట అమ్ముకుంటాడు.

ఇల్లు వస్తుందన్న సంతోషం ఉంది. కానీ లిఫ్ట్, పంపు, మెట్ల దగ్గర కరెంటు, వీటి ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. అమ్మ నాలుగిళ్ళలో పని చేస్తుంది. నెలనెలా మెయింటెనెన్స్ ఎక్కడి నుంచి తేవాలి?

వేరే దేశాల గురించి కొంచెం చదివాను. అమెరికాలో 1986లో తెచ్చిన పథకంలో బిల్డర్‌కి పన్ను రాయితీ ఇస్తారు, బదులుగా మామూలుగా 30 ఏళ్ళు అద్దె తక్కువగానే ఉంచాలి. ఇంగ్లండ్‌లో అనుమతి ఇచ్చేటప్పుడే కొన్ని చవక ఇళ్ళు కట్టాలని స్థానిక కౌన్సిల్ ఒప్పందం రాయించుకుంటుంది. ఎక్కువగా వాటిని హౌసింగ్ అసోసియేషన్లు (లాభం కోసం కాకుండా చవక ఇళ్ళు నడిపే సంస్థలు) చూసుకుంటాయి. మాకు మాత్రం తాళాలు చేతికొచ్చాక రోజువారీ నిర్వహణ ఎక్కువగా మా సొసైటీ (ఇళ్ళవాళ్ళం కలిసి పెట్టుకునే సంఘం) మీదే.

ఇప్పటికే ఇలాంటి బిల్డింగుల్లో ఉంటున్న అన్నలు, అక్కలు చెప్పండి: నెలకి ఎంత అవుతోంది? సంతకాలు పెట్టే ముందు ఒప్పందంలో ఏ షరతులు రాయించుకోవాలి? లిఫ్ట్ పాడైతే మొదటి కొన్నేళ్ళు బిల్డరే బాగుచేయాలని ఎవరైనా రాయించగలిగారా? వచ్చే వారం మా కమిటీ మీటింగ్ ఉంది.