పనికెళ్తూ పిల్లని గదిలో పెట్టి తాళం వేస్తే అది నిర్లక్ష్యమేనా?

మియాపూర్ వాసి:
మా పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఇటుకలు మోసే ఒకావిడ ఐదేళ్ల పాపని రేకుల గదిలో ఉంచి తాళం వేసి పనికెళ్తోంది. చూసిన వాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. ఆమె మీద కేసు పెట్టాలని కాలనీలో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

ఉప్పల్ అమ్మ:
పెట్టాల్సిందే. మే నెలలో రేకుల గది ఎలా ఉంటుందో తెలుసా? లోపల గ్యాస్ స్టవ్ ఉండి, బయట తాళం ఉంటే? ఏదైనా జరిగాక తల్లి పేదరాలని చెప్తే పాప తిరిగొస్తుందా?

ఫీల్డ్ వర్కర్:
అమ్మా, ప్రమాదం నిజమే, కాదనను. పాపని వెంటనే గదిలోంచి తియ్యాలి. కానీ పాపకి ప్రమాదం ఉందా, తల్లి తప్పు చేసిందా అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. నేనిలాంటి ఇళ్లకి వెళ్లి నివేదికలు రాస్తాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పాపని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. ఇంటి పరిస్థితులు తెలుసుకునే సామాజిక విచారణకి 15 రోజులు, తుది ఉత్తర్వుకి నాలుగు నెలలు గడువు. ఇంటికి ఒక్కసారి వెళ్లొచ్చి రాసేస్తే ఏం తెలుస్తుంది? గిన్నెలో అన్నం ఉందా, టీకాల కార్డు ఉందా, సాయంత్రం తల్లి రాగానే పాప ఎలా ఉంటుంది, ఇవన్నీ చూడాలి. 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, కానీ నిర్లక్ష్యం కావాలని చేసినదై ఉండాలి.

యాభై మందికి మించి ఆడకూలీలున్న చోట ఆరేళ్ల లోపు పిల్లలకి క్రెష్, అంటే పనివేళల్లో వాళ్లని చూసుకునే గది, పెట్టాలని 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టంలో రాశారు. ఆ సైట్‌లో ఎంతమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు, పిల్లల గది ఉందా అని ఎవరైనా అడిగారా? బిల్డర్ పేరు లేకుండా తల్లి పేరు మాత్రమే ఉన్న నివేదిక నా దృష్టిలో సగం నివేదికే.

ఉప్పల్ అమ్మ:
బిల్డర్‌ని అడగండి, నేనూ వస్తా. అప్పటిదాకా పాప ఎక్కడుండాలి?

ఫీల్డ్ వర్కర్:
పాపని బాలల హోమ్‌లో పెట్టడం చివరి మార్గమని చట్టమే అంటోంది. పగలు అంగన్‌వాడీలో, రాత్రి తల్లి దగ్గర. అర్హత ఉంటే పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది, దానికి అప్లికేషన్ పెట్టించాలి.

మియాపూర్ వాసి:
అంగన్‌వాడీ టీచర్‌తో రేపు పొద్దున్నే మాట్లాడతాను.