ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందా, పూచీ లేక చచ్చిందా?

రాజాం నుంచి:
అఫ్గానిస్తాన్‌లో నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) మిత్రదేశాల సైనికులు ముందు వరుసకు కాస్త వెనకే ఉన్నారని ట్రంప్ అన్న దగ్గర్నుంచి మా తాత మాటొకటి బుర్రలో తిరుగుతోంది. "ఉమ్మడి గొర్రె..." తర్వాత "పూ"తో ఏదో మాట, చివర "చచ్చె". మధ్యలోది అందడం లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎవరికైనా పూర్తిగా వచ్చా?

నరసన్నపేట నుంచి:
"పుచ్చి చచ్చె". దీర్ఘం లేదు. పుచ్చు పన్ను, పుచ్చు వంకాయలోని పుచ్చే. మా ఇంట్లో గొర్రెలుండేవి. పుండు మీద ఈగ వాలి పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవాళ్ళం. ఇద్దరి గొర్రె అయితే ఆ ఆకు ఎవరూ నూరరు, అవతలివాడు చూసుకుంటాడులే అని. నాటో గొడవ ఇదే. జీడీపీలో 2 శాతం రక్షణకు పెట్టే దిశగా నడుస్తామని 2014లో అందరూ ఒప్పుకున్నారు. చాలా దేశాలు ఏళ్ళ తరబడి అక్కడికి చేరలేదు. 2025లో హేగ్‌లో దాన్ని 5 శాతం చేశారు.

రాజాం నుంచి:
అర్థం బాగుందండీ. కానీ తాత నోట దీర్ఘం విన్నట్టే గుర్తు. "పూచీ లేక చచ్చె" కావచ్చా? ఎవరి పూచీ కాని గొర్రె అని.

బొబ్బిలి నుంచి:
పుచ్చి, చచ్చె. "చ్చ" రెండుసార్లు పడింది. సామెత నాలుక మీద నిలిచింది అందుకే. పూచీ పెడితే ఆ దెబ్బ పోతుంది.

విజయనగరం నుంచి:
పుచ్చు అంటే పంపు అని కూడా ఉంది, మరిచారు. భారతంలో "పుత్తెంచె" చదివినవారే కదా అందరూ! ఉమ్మడి గొర్రెను పంపితే చచ్చింది అని ఎందుకు కాకూడదు? 2002 ఏప్రిల్‌లో కాందహార్ దగ్గర తార్నక్ ఫార్మ్‌లో రాత్రిపూట కాల్పుల సాధన చేస్తున్న కెనడా సైనికుల మీద అమెరికా ఎఫ్-16 బాంబు వేసింది. నలుగురు చనిపోయారు, 8 మంది గాయపడ్డారు. తోడుగా పంపితే తోటివాడి చేతిలో పోయారు. అలాంటివాళ్ళను వెనక వరుసలో ఉన్నారంటే నాకు కష్టంగా ఉంది.

నరసన్నపేట నుంచి:
మాస్టారూ, మీ బాధ నిజమే, వ్యాకరణం మాత్రం ఒప్పదు. క్త్వార్థకానికి, అంటే "పుచ్చి", "తిని" లాంటి మాటకు, తర్వాతి క్రియకు కర్త ఒకటే ఉండాలి. పుచ్చింది గొర్రే, చచ్చిందీ గొర్రే. మీ లెక్కన గొర్రే ఎవరినో పంపి తాను చచ్చినట్టు.

విజయనగరం నుంచి:
"కరెంటు పోయి ఫ్యాను ఆగింది" అనడం లేదా? పోయింది కరెంటు, ఆగింది ఫ్యాను. వాడుక భాష కోసం పోరాడిన గురజాడ ఊళ్ళో ఉండి నేను సూత్రానికి తల వంచను.

బొబ్బిలి నుంచి:
గురజాడ దాకా వచ్చారు కనుక చెబుతున్నా. పొత్తులో పేచీ మన నేలకు కొత్త కాదు. 1757లో విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో మా కోట మీదికి వచ్చారు. ఆయన తర్వాత వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారితో కలిశారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిపై గెలిచాడు. గెలిచాక సైన్యం ఖర్చు దగ్గర గజపతికీ ఫోర్డుకూ చెడింది. ఫ్రెంచివారి చేతిలో ఉన్న మచిలీపట్నం వైపు కదలడానికి వారాలు పట్టింది.

రాజాం నుంచి:
కన్యాశుల్కం అంకితం పుచ్చుకున్న ఆనంద గజపతేనా?

బొబ్బిలి నుంచి:
కాదమ్మా, పేరొకటే. ఆయన 1897లో పోయారు. ఇద్దరికీ నూరేళ్ళకు పైగా ఎడం.

విజయనగరం నుంచి:
"పుచ్చుకున్న" అన్నారు చూశారా! ఈ పుచ్చు ఏ పుచ్చు? కుళ్ళడం కాదు కదా. పంపడం, పుచ్చుకోవడం ఒకే ధాతువని నా నమ్మకం. ఇచ్చిపుచ్చుకోవడం అన్నదీ ఆలోచించండి. పొత్తంటేనే అది.

నరసన్నపేట నుంచి:
అమ్ము, అమ్ముకొను ఒకే వైపు నడుస్తాయి. పుచ్చు పంపడమైతే పుచ్చుకొను తీసుకోవడం ఎలా అయింది? అది చూపించండి, ఒప్పుకుంటాను.

రాజాం నుంచి:
ఇప్పుడే చిన్నాన్నకు ఫోన్ చేశాను. తాత "ఉమ్మడి" అనేవారు కాదట, "పొత్తుల గొర్రె" అనేవారట. "పూ" సంగతి అడిగేలోపు బస్సు వచ్చిందని పెట్టేశారు. రాత్రికి మళ్ళీ అడుగుతాను.